సార్కాయిడోసిస్ మచ్చలు, శ్వాసనాళాలు: అపోహలు – వాస్తవాలు

సార్కాయిడోసిస్ అనే జబ్బు చాలామందిలో పెద్దగా మచ్చ మిగల్చకుండానే తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం ఏళ్ల తరబడి సాగి, ముఖ్యంగా ఊపిరితిత్తుల పైభాగాల్లో గట్టి మచ్చగా మారుతుంది.

అపోహ: మచ్చ కట్టేది గాలిసంచుల చుట్టూనే, శ్వాసనాళాలకు ఏమీ కాదు.

వాస్తవం: ఈ జబ్బుకు ఆనవాలైన గ్రాన్యులోమాలు, అంటే రోగనిరోధక కణాలు గుంపుకట్టి ఏర్పడే బుడిపెలు, ఎక్కువగా శ్వాసనాళాలను అంటిపెట్టుకుని సాగే లింఫు మార్గాల వెంటే పుడతాయి. కొన్ని నాళం లోపలి పొరలోనే ఉంటాయి. శ్వాసనాళాల్లోకి గొట్టం పంపి చూసే బ్రాంకోస్కోపీలో మామూలుగా కనిపించిన పొర నుంచి ముక్క తీసి పరీక్షించినా ఒక్కోసారి అవి బయటపడతాయి. అందుకే మచ్చ కూడా నాళాల చుట్టూనే అల్లుకుంటుంది. ఎండే తోలులా ముడుచుకుంటూ, పక్కనున్నవాటిని తనవైపు లాగుతుంది. దాంతో నాళం ఒకచోట వంగి ఇరుకవుతుంది, మరోచోట సాగి వెడల్పవుతుంది. ఈ వెడల్పునే ట్రాక్షన్ బ్రాంకియెక్టాసిస్ అంటారు. అక్కడ కఫం నిలిచి ఇన్‌ఫెక్షన్లు తిరగబెడుతుంటాయి. కఫాన్ని బయటికి తెప్పించే ఫిజియోథెరపీకి ఇక్కడ ఎంతో విలువ ఉంది. దాన్ని పట్టించుకునేవారే తక్కువ.

అపోహ: ఊపిరి ఊదించి చేసే స్పైరోమెట్రీ పరీక్షలో గాలి బయటికి రావడానికి అడ్డంకి కనిపిస్తే అది ఆస్తమా, లేదంటే సీఓపీడీ.

వాస్తవం: మచ్చ కట్టిన ఊపిరితిత్తి కుంచించుకుపోతుంది కాబట్టి పట్టే గాలి తగ్గుతుందని అందరూ అనుకునేదే. సార్కాయిడోసిస్‌లో దానితోపాటు అడ్డంకి కూడా ఉండవచ్చు, పొగ తాగనివారిలో సైతం. ఇన్‌హేలర్ కొందరికి ఉపశమనం ఇస్తుంది గానీ మచ్చ మెలిపెట్టిన నాళాన్ని తెరవలేదు. ఊపిరి వదిలించి తీసే సీటీ స్కాన్‌లో, చిన్న నాళాల వెనుక చిక్కుకుపోయిన గాలి కనిపిస్తుంది.

అపోహ: ఇది ముదిరిన టీబీయే, ఇంట్లోవాళ్లకు అంటుకుంటుంది.

వాస్తవం: అంటుకోదు. ఎక్స్-రేలో రెండూ ఒకేలా కనిపించవచ్చు, రెండింటిలోనూ గ్రాన్యులోమాలు ఉంటాయి. టీబీ విస్తారంగా ఉన్న మన దేశంలో ఈ పొరపాటు సహజమే. అయితే స్టెరాయిడ్లు మొదలుపెట్టే ముందు టీబీ లేదని తేల్చుకోవడం తప్పనిసరి.

అపోహ: నాలుగో దశ అంటే క్యాన్సర్‌లో లాగా ఇక చేసేదేమీ లేదు.

వాస్తవం: 1961లో బ్రిటిష్ వైద్యుడు స్కాడింగ్ పేరుతో స్థిరపడిన ఈ దశల విభజనకు ఆధారం ఛాతీ ఎక్స్-రే మాత్రమే. ఆయుష్షు లెక్క అందులో లేదు. మచ్చల మధ్యే వాపు ఇంకా రగులుతూ ఉండవచ్చు. పెట్ స్కాన్ దాన్ని గుర్తించడానికి తోడ్పడుతుంది. స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్ ఆ వాపును అణచగలవు. మచ్చను మాత్రం కరిగించలేవు, మోతాదు ఎంత పెంచినా.

అపోహ: దగ్గులో రక్తపు జీర కనిపించడం మామూలే.

వాస్తవం: మచ్చల మధ్య ఏర్పడిన గుల్లల్లో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఉండలా పెరగవచ్చు. దానివల్ల కొద్దిగా మొదలైన రక్తస్రావం ప్రాణాంతకం కావచ్చు కనుక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మిగిలిన ఊపిరితిత్తి బలహీనంగా ఉండడంతో చాలామందికి శస్త్రచికిత్స కుదరదు. అలాంటప్పుడు రక్తం కారుతున్న ధమనిని సన్నని గొట్టం ద్వారా మూసివేస్తారు.