మీకు తెలుసా? నలభై దాటాక తొలి పరుగు

రెండు నిమిషాలు పరుగెత్తేసరికి ఊపిరందక, నడుం మీద చేతులు వేసుకుని ఆగిపోయారా? పరుగు మీ ఒంటికి పడదని అప్పుడే తేల్చేసుకోకండి. వయసు నలభై అయిదు దాటినా, ఇరవై ఏళ్లప్పటి వేగం కాళ్లకు ఇంకా గుర్తుంటుంది. చిక్కంతా దాంతోనే. రాయ్‌పూర్‌లో తెలీబాంధా చెరువు గట్టుకు (ఊళ్లో అందరికీ అది మెరీన్ డ్రైవే) పొద్దున్నే వెళ్తే ఇలాంటివాళ్లు రోజూ కనిపిస్తారు. కొత్త బూట్లతో వస్తారు, వంద గజాలు ఉరుకుతారు, బెంచీ మీద కూలబడతారు. మర్నాడు పిక్కలు పట్టేసి మంచం దిగలేరు. ఇక ఆ గట్టు వైపే రారు. ఈసారి ముచ్చట్లన్నీ వాళ్లను మళ్లీ గట్టెక్కించడానికే.

అమ్మ కోసం రాసిన పాఠం

కొత్తగా పరుగు నేర్చుకునేవాళ్లు లక్షలమంది పాటిస్తున్న ‘కౌచ్ టు 5కె’ (సోఫా నుంచి అయిదు కిలోమీటర్లకు) పద్ధతిని ఒక కొడుకు తన తల్లి కోసం రాశాడని మీకు తెలుసా? 1996లో జాష్ క్లార్క్ అనే అమెరికా యువకుడు, యాభై దాటిన తన తల్లి చేత పరుగు మొదలుపెట్టించాలని తొమ్మిది వారాల పట్టిక ఒకటి తయారుచేశాడు. వారానికి మూడు రోజులే. మొదటి వారం అయిదు నిమిషాలు చురుగ్గా నడవాలి. ఆ తర్వాత 60 సెకన్లు మెల్లగా పరుగు, 90 సెకన్లు నడక, మళ్లీ పరుగు, మళ్లీ నడక. ఇలా ఇరవై నిమిషాలు. లెక్క వేసి చూడండి, అందులో పరుగు మొత్తం కలిపినా ఎనిమిది నిమిషాలే. తొమ్మిదో వారానికి అరగంట ఆగకుండా పరుగెత్తగలుగుతారు. హైదరాబాద్ రన్నర్స్ సంఘం కూడా ఇదే పేరుతో కొత్తవాళ్లకు తర్ఫీదు ఇస్తోంది.

ఒక వారం పాఠం కుదరకపోతే అదే వారాన్ని మళ్లీ చేయవచ్చు. నేను నాలుగో వారాన్ని మూడుసార్లు చేశాను. తొమ్మిది వారాల పట్టిక నాకు పద్నాలుగు వారాలు పట్టింది. ఆ అయిదు వారాలూ వృథా అయ్యాయని నాకెప్పుడూ అనిపించలేదు.

మధ్యలో నడవడం ఓటమి కాదా అని చాలామంది అడుగుతారు. 1972 ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున 10,000 మీటర్ల పరుగులో పాల్గొన్న జెఫ్ గాలొవే, 1974 నుంచి కొత్తవాళ్లకు నేర్పింది ఇదే: కాసేపు పరుగు, కాసేపు నడక. అలసిపోయాక నడవడం కాదు, అలసట రాకముందే నడవడం. తేడా అంతా అక్కడే ఉంది.

పదమూడో ఎక్కం

అమెరికాలో జాగింగ్‌ను ఇంటింటికీ చేర్చిన బిల్ బవర్‌మన్ అథ్లెట్లకు పేరున్న కోచ్. తర్వాత నైకీ కంపెనీ స్థాపకుల్లో ఒకరయ్యారు. అంతటి మనిషి 1962 చివర్లో న్యూజిలాండ్ వెళ్లినప్పుడు, అక్కడి కోచ్ ఆర్థర్ లిడియార్డ్ ఆయన్ని ఆక్లాండ్‌లో మామూలు జనంతో కలిసి పరుగెత్తమన్నారు. బవర్‌మన్‌కు అప్పుడు 51 ఏళ్లు. గుట్టలెక్కుతుంటే ఆయన వెనకబడిపోయారు. డెబ్బై దాటి, గుండెపోట్లు వచ్చి కోలుకున్న ఒక పెద్దాయన వేగం తగ్గించి, ఈ కోచ్‌కు తోడుగా వచ్చారు. బవర్‌మన్ ఇంటికి తిరిగొచ్చి తన ఊళ్లో జనాన్ని పోగుచేశారు. 1967లో ఒక గుండె వైద్యుడితో కలిసి ‘జాగింగ్’ అనే పుస్తకం రాశారు. అందులో కొలమానం చాలా తేలిక: పరుగెత్తుతూ పక్కవాళ్లతో మాట్లాడలేకపోతే మీరు వేగం మించిపోయినట్టే.

ఒంటరిగా వెళ్లేవాళ్లకు నేను చెప్పే ఉపాయం ఒకటుంది. పదమూడో ఎక్కం పైకి చదవండి. మాట తెగకుండా ‘పదమూడు పదులు నూటముప్ఫై’ దాకా వస్తే ఆ వేగం మీది. ‘పదమూడు నాలుగులు’ దగ్గరే రొప్పు వస్తే తగ్గించండి. ఆ తగ్గించిన వేగం నడకతో సమానమైనా ఫర్వాలేదు. జపాన్‌లో ఫుకువోకా విశ్వవిద్యాలయ ఆచార్యుడు హిరోఆకి తనాకా దీన్నే ‘నికో నికో’ వేగం అన్నారు. అంటే పరుగెత్తుతున్నా చిరునవ్వు చెదరని వేగం. గంటకు నాలుగైదు కిలోమీటర్లతో మొదలుపెట్టమని చెప్పేవారు.

మూడు వారాల మంచం, ముప్ఫై ఏళ్ల వయసు

పరుగు గురించి నాకు తెలిసినవాటిలో నన్ను ఎక్కువగా కదిలించింది ఇది. 1966లో అమెరికాలోని డల్లస్‌లో వైద్య పరిశోధకులు ఇరవై ఏళ్ల కుర్రాళ్లు అయిదుగురిని మూడు వారాలపాటు మంచం దిగకుండా పడుకోబెట్టారు. శ్రమ చేసేటప్పుడు ఒళ్లు ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో ముందూ వెనకా కొలిచారు. ఆ శక్తి బాగా పడిపోయింది. వ్యాయామం చేయించాక కోలుకున్నారు. కథ అక్కడితో ఆగలేదు. 1996లో అదే అయిదుగురిని మళ్లీ పిలిచారు. అప్పటికి వాళ్లకు యాభై ఏళ్లు. సగటు బరువు 77 కిలోల నుంచి 100 కిలోలకు చేరింది. ఒంట్లో కొవ్వు రెట్టింపయింది. అయినా, గడిచిన ముప్ఫై ఏళ్లు వాళ్ల శక్తిని తగ్గించింది తక్కువే. ఇరవయ్యో ఏట మూడు వారాల మంచం అంతకంటే ఎక్కువ తగ్గించింది!

తర్వాత ఆరు నెలలపాటు వాళ్ల చేత మెల్లమెల్లగా పెంచుతూ నడక, జాగింగ్, సైకిల్ తొక్కడం చేయించారు. వయసుతో పోయిన ఆ శక్తి మొత్తం తిరిగొచ్చింది. ఇరవై ఏళ్లప్పుడు మంచం ఎక్కకముందు ఎంత ఉందో అంతకు చేరింది. బరువు మాత్రం నాలుగైదు కిలోలే తగ్గింది. అయిదుగురి మీద చేసిన పరిశోధనే కాబట్టి ప్రతి ఒక్కరికీ అంతే జరుగుతుందనలేం. కానీ బరువుతూకం ముల్లు కదల్లేదని రెండో నెలలో బూట్లు అటక మీద పడేసేవాళ్లకు ఈ సంగతి తెలియాలి. ముల్లు చెప్పని మార్పు ఒంట్లో జరుగుతూ ఉంటుంది.

అయిదో వారం గండం

మొదటి నెలలో కంటే రెండో నెలలోనే చాలామంది దెబ్బ తింటారెందుకు? గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే దారికొస్తాయి. కండరాలూ అంతే. మడమ వెనక ఉండే స్నాయువు, ముంగాలి ఎముక గట్టిపడటానికి మాత్రం నెలలు పడుతుంది. ప్రతి అడుగుకూ ఒంటి బరువుకు రెండు మూడింతల భారం ఆ కాలి మీద పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని వేగం పెంచేది సరిగ్గా ఈ సమయంలోనే. ముంగాలి ఎముక వెంట ఒకేచోట వేలు పెడితే నొప్పి పుడుతుంటే ఆ రోజు పరుగు మానేయాలి. నొప్పి తగ్గకుండా ఉంటే వైద్యుడికి చూపించాలి.

మోకాళ్లు అరిగిపోతాయన్న భయానికి కూడా జవాబుంది. అంతకుముందు జరిగిన అనేక అధ్యయనాలను కలిపి 2017లో లెక్కవేస్తే, సరదాకు పరుగెత్తేవాళ్లలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందిలో కనిపించింది. పరుగే తెలియనివాళ్లలో అది 10.2 శాతం. పోటీల కోసం పరుగెత్తేవాళ్లలో 13.3 శాతం. మన పరుగు మొదటి రకం. అలాగే ఉంచుకుందాం.

నలభై దాటినవాళ్ల పోటీ

2022 అక్టోబరు 6న మొదలైన ‘ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్’లో నలభై దాటినవాళ్లకు విడిగా ఒక విభాగం పెట్టారని మీకు తెలుసా? పద్ధెనిమిది లోపు ఒకటి, పద్ధెనిమిది నుంచి నలభై దాకా ఒకటి, ఆపైన ఎంత వయసువారికైనా మరొకటి. పద్నాలుగు ఆటల్లో వంద మీటర్ల పరుగుతోపాటు పొడవైన కర్రల మీద నిలబడి ఉరికే గేడీ దౌడ్ కూడా ఉండేది. మిగతా పేర్లు వింటే రాయ్‌పూర్ తెలుగువాళ్లకు తమ ఊరు గుర్తొస్తుంది. బిల్లస్ అంటే మన తొక్కుడుబిళ్ల, భౌంరా అంటే బొంగరం, పిట్టుల్ అంటే ఏడుపెంకులాట, బాటీ అంటే గోలీలు, గిల్లీ డండా అంటే బిళ్లంగోడు. మధ్యవయసు వాళ్లను గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టమనకుండా బరిలోకి దిగమన్న ఆ ఆలోచన నాకెంతో నచ్చింది.

రోహిణి కార్తెలో

మనం రోళ్లు పగులుతాయనే రోహిణి కార్తెలోని మొదటి తొమ్మిది రోజులనే ఇక్కడివాళ్లు ‘నౌతపా’ అంటారు. మే చివర్లో రాయ్‌పూర్‌లో ఎండ 44, 45 డిగ్రీలను తాకడం మామూలే. ఎండాకాలానికి ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో రక్తంలో నీటి పాలు పెరుగుతుంది, చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. అందుకే వేసవి మొదట్లో దూరం సగానికి తగ్గించుకుని, సూర్యుడు రాకముందే ముగించాలి. తల తిరిగినా, ఎండలో ఉండగా ఒంటి మీద చలి పుట్టినా ఆ క్షణమే ఆగి నీడకు చేరాలి.

పరుగయ్యాక ఏం తినాలో ఛత్తీస్‌గఢ్ పల్లెలకు ఎప్పటినుంచో తెలుసు. వేడివేడిగా వండిన అన్నాన్ని నీళ్లలో వేస్తే ‘బోరే’. రాత్రి మిగిలిన అన్నం నీళ్లలో నాని తెల్లారితే ‘బాసీ’. ఉప్పు, పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటారు. 2022 మే 1న, కార్మిక దినం రోజున, ఇక్కడి ప్రభుత్వం బోరే బాసీ పండగే జరిపింది. మన చద్దన్నానికి ఇది తోడబుట్టింది. నీళ్లు, ఉప్పు, పిండిపదార్థం మూడూ ఒక్క గిన్నెలోనే దొరుకుతాయి. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు చూసి వేసుకోండి.

చలికాలంలో లెక్క తిరగబడుతుంది

2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన పట్టికలో, గాలిలో సన్నని ధూళి ఎక్కువగా ఉన్న నగరాల్లో రాయ్‌పూర్‌ది ఏడో స్థానం. సిల్‌తరా, ఉర్లా పారిశ్రామిక వాడల్లోని స్పాంజ్ ఐరన్ కర్మాగారాల నల్లటి దుమ్ము డాబాల మీద పేరుకోవడం ఊరందరికీ అనుభవమే. చలికాలం తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లబడి, పైన వెచ్చటి గాలి మూతలా పరుచుకుంటుంది. పొగ పైకి పోలేక కిందే నిలిచిపోతుంది. కాబట్టి వేసవిలో సూర్యుడి కంటే ముందు లేచినవాళ్లు డిసెంబరులో ఎండ కాస్త ఎక్కేదాకా ఆగడం మేలు. పెద్దరోడ్ల వెంట కాకుండా గాంధీ ఉద్యానవనంలోనో, నవా రాయ్‌పూర్ వైపు చెట్లున్న దారుల్లోనో పరుగెత్తితే ఇంకా నయం.

జిమ్ ఫిక్స్ కథ

ఇది దాచిపెట్టకూడని కథ. అమెరికా రచయిత జిమ్ ఫిక్స్ 35 ఏళ్ల వయసులో పరుగు మొదలుపెట్టారు. అప్పుడు ఆయన బరువు 97 కిలోలు. రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు కాల్చేవారు. బరువు తగ్గించి, సిగరెట్లు మానేసి 1977లో పరుగు మీద రాసిన పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. 1984 జులైలో పరుగు మధ్యలోనే గుండెపోటుతో పోయారు. 52 ఏళ్లే. పరీక్షచేస్తే గుండె రక్తనాళాలు బాగా పూడుకుపోయి ఉన్నాయి. ఆయన తండ్రికి 35లో మొదటి గుండెపోటు వచ్చింది, 43లో కన్నుమూశారు.

పరుగు ఆయనకు మేలు చేసింది. రక్తంలో వచ్చిన ముప్పును మాత్రం తుడిచేయలేకపోయింది. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చి ఉంటే, మీకు షుగరో బీపీయో ఉంటే, పొగతాగే అలవాటుంటే, బూట్లు కొనడానికంటే ముందు వైద్యుడి దగ్గరికి వెళ్లండి. పరుగులో గుండె మీద బరువు పెట్టినట్టనిపించినా, నొప్పి దవడకో ఎడమచేతికో పాకినా, అది గ్యాస్ అనుకుని మాత్ర వేసుకోకండి. వెంటనే ఆసుపత్రికి పదండి.

చీర మీద బూట్లు

ఇప్పుడు యాభై ఏళ్లున్న ఆడవాళ్లు పుట్టేనాటికి ఒలింపిక్స్‌లో స్త్రీల అతి పొడవైన పరుగు 1500 మీటర్లే! అది కూడా 1972లోనే వచ్చింది. స్త్రీల మారథాన్‌ను తొలిసారి పెట్టింది 1984లో. బడిలో పరుగుపందెం వంద, రెండొందల మీటర్లతో సరిపెట్టిన తరం అది. పొద్దున్న చెరువు గట్టు మీద చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, కాళ్లకు బూట్లు వేసుకుని మెల్లగా పరుగెత్తే అమ్మలను చూస్తే నాకు కళ్లు చెమరుస్తాయి. వాళ్లకు దారివ్వండి.

89లో మొదలు

పంజాబ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ ఫౌజా సింగ్ తన మొదటి మారథాన్ లండన్‌లో 2000లో పరుగెత్తారు. వయసు 89. నూరేళ్ల వయసులో, 2011లో, టొరంటోలో మరో మారథాన్ పూర్తిచేశారు. 2025 జులైలో సొంత ఊరి దగ్గర రోడ్డు దాటుతుండగా వాహనం ఢీకొని మరణించారు. 114 ఏళ్లు.

రైలెక్కేటప్పుడు

రాయ్‌పూర్ నుంచి విజయనగరం దాకా బెంగాల్ నాగపూర్ రైల్వే వేసిన దారి 1931లో పూర్తయింది. ఉత్తరాంధ్రకూ ఇక్కడి రైల్వే కాలనీలకూ రాకపోకలు తెగనిది ఆ దారి వల్లే. ఈసారి సెలవులకు దాని మీదుగా విశాఖ వెళ్తుంటే బూట్లు సంచిలో పెట్టుకోండి. ఆర్కే బీచ్ దగ్గర రోడ్డును తెల్లవారుజామున వాహనాలు రాకుండా మూసి, నడిచేవాళ్లకూ పరుగెత్తేవాళ్లకూ వదిలేస్తారు. అరవై సెకన్లు పరుగు, తొంభై సెకన్లు నడక, పక్కనే సముద్రం.