ఊడ్చే ముందు పద్దు చూడండి

మా కాలేజీ కంప్యూటర్ ల్యాబులో డెబియన్ లినక్స్ నడుస్తుంది. దాని మంచిచెడ్డలు చూసేది నేనే. డిస్కు నిండిందంటే చాలు, ఎవరో ఒకరు ‘ఆప్ట్ ఆటోరిమూవ్’ కొట్టేస్తారు. అక్కర్లేని ప్యాకేజీలను తీసేసే ఆదేశం అది. ఆ తర్వాత ఏది పనిచేయకపోయినా నింద దాని మీదే. నన్నడిగితే దాని తప్పేమీ ఉండదు, దాని చేతిలో ఉన్న పద్దే అరకొర.

లినక్స్‌లో ఒక ప్రోగ్రాము ఎక్కిస్తే, దానికి కావాల్సిన లైబ్రరీలు కూడా వెంట దిగుతాయి. పెళ్లికి మనం పిలిచినవారు కొందరు, వాళ్ల వెంట వచ్చినవారు కొందరు ఉన్నట్టే. పేరుపెట్టి అడిగినది ‘మాన్యువల్’, వెంట వచ్చినది ‘ఆటో’ అని ఆప్ట్ ఒక ఫైలులో రాసుకుంటుంది. ఆటో ప్యాకేజీతో మిగతావాటిలో దేనికీ పని లేదని తేలితే చెత్త కింద జమకడుతుంది. మనం దాన్ని రోజూ వాడుతున్నామా లేదా అన్నది ఆప్ట్‌కు తెలియదు.

ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయన ఇంట్లో కంపైల్ చేసిన ప్రోగ్రామును పెన్‌డ్రైవులో తెచ్చి ల్యాబులో నడుపుకునేవారు. “ఏమండీ, నిన్నటిదాకా బాగానే నడిచింది, ఇవాళ మొరాయిస్తోంది” అంటూ వచ్చారు ఓ రోజు. ‘లిబ్‌జీఎస్‌ఎల్’ దొరకలేదని తెర మీద ఉంది. గణిత లెక్కలకు పనికొచ్చే గ్నూ సైంటిఫిక్ లైబ్రరీ అది. ‘ఎల్‌డీడీ’ ఆదేశంతో చూస్తే ఆ ఒక్కదాని ఎదురుగానే ‘నాట్ ఫౌండ్’. ఆప్ట్ హిస్టరీ లాగ్ తెరిస్తే అసలు సంగతి బయటపడింది. ముందురోజు ఎవరో బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌ను తీసేసి, ఆటోరిమూవ్ నడిపారు. లైబ్రరీ వచ్చింది ఇంక్‌స్కేప్ వెంట, పోయిందీ దాని వెంటే. లెక్చరర్ గారి ప్రోగ్రాము ప్యాకేజీగా దిగలేదు కనుక పద్దులో దాని ఊసే లేదు. లైబ్రరీని పేరుపెట్టి మళ్లీ ఎక్కించాను. ఇక అది మాన్యువల్, ఆటోరిమూవ్ దాని జోలికి రాదు. అప్పటికే ఉన్న ప్యాకేజీకైతే ‘ఆప్ట్‌మార్క్ మాన్యువల్’ అంటే చాలు.

పనికిరానిది ఎంతకీ పోవడం లేదనే ఫిర్యాదూ వస్తుంది. దానికీ జవాబు పద్దులోనే ఉంటుంది. వేరే ప్యాకేజీ ఏదైనా దాన్ని ‘ఉంటే మంచిది’ అని సూచించి ఉన్నా ఆప్ట్ మామూలుగా కదిలించదు. ‘ఆప్టిట్యూడ్ వై’ (ఎందుకు) అని అడిగితే ఏది దేన్ని పట్టుకుని ఉందో వరసగా చూపిస్తుంది.

అన్నిటికన్నా చిరాకు పెట్టేది బూట్ విభాగం నిండిపోవడం. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసిన మెషీన్లలో అది సాధారణంగా విడిగా, చిన్నగా ఉంటుంది. లినక్స్‌కు గుండెలాంటి కెర్నల్ పాత వెర్షన్లు అందులో పేరుకుపోతే కొత్తది సగంలో ఆగుతుంది. ముందు ఆ సగం పని పూర్తి చేయమని ఆప్ట్ మొండికేస్తుంది, పూర్తి చేద్దామంటే జాగా లేదు. అప్పుడు ‘యూనేమ్’తో ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ ఏదో చూసుకుని, దాన్ని ముట్టుకోకుండా, మిగతావాటిలో అన్నిటికన్నా పాతదాన్ని, ఆప్ట్‌కు అడుగున పనిచేసే ‘డీపీకేజీ’తో నేరుగా తీసేయాలి. తర్వాత ‘డీపీకేజీ కాన్ఫిగర్’ ఆగిన పనిని ముగిస్తుంది. బూట్ ఫోల్డరులోని ఫైళ్లను చేత్తో చెరిపేసేవాళ్లున్నారు. అలా చేస్తే ఆ కెర్నల్ ఉన్నట్టే పద్దులో మిగిలిపోయి, తర్వాత ఇంకో తలనొప్పి తెస్తుంది.

మామూలుగా డిస్కు నిండితే నేను ముందు ‘ఆప్ట్ క్లీన్’ చేస్తాను. డౌన్‌లోడై మిగిలిన ప్యాకేజీ ఫైళ్లే పోతాయి, ఎక్కించినవి పదిలం. చాలాసార్లు దానితోనే కావలసినంత జాగా దొరుకుతుంది. చాలకపోతే ఆటోరిమూవ్‌ను ‘సిమ్యులేట్’ చేసి, ఏవేవి పోతాయో జాబితా చదువుతాను. లిబ్‌జీఎస్‌ఎల్ లాంటి పేరు కనబడితే, దాన్ని బయటి నుంచి తెచ్చిన ప్రోగ్రాములు వాడుతున్నాయేమో కనుక్కుంటాను. అన్నిటికీ ముందే ‘వై’ (అవును) కొట్టేసే ఆప్షన్‌తో ఆటోరిమూవ్ నడపడం మా ల్యాబులో నిషేధం.