గజ్జి, తామర, ఎగ్జిమా: ఏది ఏదో తెలుసుకోండి

"మా బిడ్డకు ఎన్ని మందులు రాసినా గజ్జి పోవడం లేదండీ." తిరుమలాయపాలెం చుట్టుపక్కల ఊళ్ళ నుండి వచ్చే తల్లులు తరచుగా చెప్పే మాట ఇది. చొక్కా విప్పి చూస్తే చాలాసార్లు అది గజ్జి కాదు. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనుక చర్మం మందంగా, నల్లగా, గోకిన గాట్లతో ఉంటుంది. అది ఎగ్జిమా. కాని అప్పటికే ఇంట్లో ఆ బిడ్డకు కంచం వేరు, పక్క వేరు అయిపోయి ఉంటాయి. తోటి పిల్లలు దగ్గరకు రానివ్వరు. ఎగ్జిమా అంటువ్యాధి కాదు. ఆ బిడ్డను ఎత్తుకోవచ్చు, పక్కలో పడుకోబెట్టుకోవచ్చు.

ఈ పొరపాటుకు మన మాటలు కూడా కొంత కారణం. దురద పెట్టే జబ్బు ఏదైనా సరే గజ్జి అనో తామర అనో అంటాము. నిజానికి ఇవి మూడు వేర్వేరు జబ్బులు. గజ్జి కంటికి సరిగా కనపడనంత చిన్న పురుగు చర్మంలో దూరడం వల్ల వస్తుంది. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ పొక్కులు వస్తాయి. రాత్రిపూట దురద ఎక్కువ. ఇంట్లో ఇద్దరు ముగ్గురు గోకుతుంటే గజ్జినే అనుమానించాలి, దురద లేనివారితో సహా అందరూ ఒకేరోజు మందు రాసుకోవాలి. తామర బూజు జాతి క్రిమి వల్ల వస్తుంది. గజ్జల్లో, నడుము దగ్గర గుండ్రటి మచ్చగా మొదలై, అంచు ఎర్రగా ఉబ్బి, మధ్యలో మానినట్టు కనపడుతుంది. ఇవి రెండూ అంటుకుంటాయి.

ఎగ్జిమాలో పురుగూ లేదు, బూజూ లేదు. చర్మం ఒక గోడ అనుకోండి. ఇటుకల మధ్య మట్టి రాలిపోతే వాన లోపలికి దిగుతుంది కదా! అలాగే ఈ బిడ్డల చర్మంలో తడి నిలవదు. దుమ్ము, సబ్బు, చెమట లోపలికి దిగి మంట పుట్టిస్తాయి. చర్మాన్ని గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే మాంసకృత్తును తయారుచేసే జన్యువులో లోపం ఉన్నవారికి ఈ జబ్బు ఎక్కువని 2006లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఉబ్బసం, తుమ్ముల బాధ ఉన్న కుటుంబాల్లో ఇది ఎక్కువగా కనపడేది ఇందుకే. చంటిబిడ్డకు బుగ్గల మీద మొదలవుతుంది, పెద్దయ్యేకొద్దీ మడతల్లోకి దిగుతుంది. చాలామందికి వయసుతో తగ్గుతుంది. ఒక్క ట్యూబుతో మాయమైపోదు, మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే తల్లులు డాక్టరు మీద డాక్టరును మారుస్తూ డబ్బు పోగొట్టుకుంటారు.

అసలు వైద్యం తడి నిలపడమే. గోరువెచ్చని నీళ్ళతో త్వరగా స్నానం ముగించండి. బట్టల సబ్బు ఒంటికి వాడవద్దు, సున్నిపిండితో రుద్దవద్దు. మెత్తటి గుడ్డతో అద్ది, ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే కొబ్బరినూనె గాని, వాసన కలపని వాజిలిన్ గాని రాయండి. రోజుకు రెండుసార్లు, దురద లేని రోజున కూడా రాయాలి. గోళ్ళు కత్తిరించండి, నూలు బట్టలు వేయండి.

పథ్యం గురించి ఒక మాట. వంకాయ, గోంగూర, గుడ్డు మానిపించి బిడ్డను ఎండగట్టిన తల్లులు ఎందరో. ఏదైనా తిన్న గంటా రెండు గంటల్లో దద్దుర్లు, వాంతులు వస్తే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. లేకపోతే అన్నీ పెట్టండి.

ఇక ట్యూబుల సంగతి. స్టిరాయిడ్ పూత ఎగ్జిమాకు మంచి మందే. పెద్దవారి చూపుడు వేలి కొన నుండి మొదటి గీత వరకు పిండిన మందు రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. ముఖానికి తక్కువ బలం గలది, మందమైన చర్మానికి ఎక్కువ బలం గలది, ఎన్ని రోజులో డాక్టరే చెప్పాలి. అదే మందును తామర మీద రాస్తే నాలుగు రోజులు ఎరుపు తగ్గి, తరువాత ఒళ్ళంతా పాకుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి. అందుకే 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి 14 స్టిరాయిడ్ పూతలను చీటీ లేకుండా అమ్మకూడదని ఆదేశించింది. అయినా షాపులో అడిగితే ఇస్తూనే ఉన్నారు. ఎదుటింటివారికి తగ్గిందని వారి ట్యూబు తెచ్చుకోకండి.

పెద్దవారిలో, ముఖ్యంగా పొలం పనివారిలో, ఇంకొక రకం చూస్తాము. కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు నల్లగా మందమై దురద పెడతాయి, వానాకాలంలో పెరుగుతాయి. గట్ల మీద తెల్లపూలతో పెరిగే వయ్యారిభామ దీనికి కారణం కావచ్చు. అమెరికా ఖండానికి చెందిన ఈ కలుపును మన దేశంలో 1950లలో పూణె దగ్గర గుర్తించారు. అందులోని పార్థినిన్ అనే పదార్థం పడనివారికి మొక్కను ముట్టకపోయినా గాలిలో వచ్చే ధూళితోనే జబ్బు తిరగబెడుతుంది. పూత రాకముందే చేతి తొడుగులతో పీకించండి. జబ్బు ఉన్నవారు మాత్రం ఆ పనికి పోవద్దు. నిండు చేతుల చొక్కా వేసుకుని, ఇంటికి రాగానే స్నానం చేయండి. మిరపకోతలో చేతులు మండడం వేరు. అది కారం ఘాటు. నూనె రుద్ది, తరువాత సబ్బుతో కడిగితే ఉపశమనం ఉంటుంది.

ఎగ్జిమా పుండ్లలో పసుపు రంగు రసి కారి పక్కు కట్టినా, జ్వరం వచ్చినా ఆసుపత్రికి రండి. నొప్పితో చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా లేస్తే ఆ రోజే రావాలి. దురద లేకుండా, ముట్టుకుంటే స్పర్శ తెలియని మచ్చ ఉంటే దాని మీద ఏ పూతా రాయకండి. అది కుష్ఠు కావచ్చు. పరీక్ష చేయించుకోండి, దాని మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.