బంతి రూపంలో కళ

యాప్రాల్ వీధులలో క్రికెట్ ఆడే బాలునికి బంతి ఆటవస్తువు మాత్రమే. బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియంలో అదే బంతి వాహనం. కె. సుధాకర్ పాత ఇనుప సామాను సేకరించి, క్రికెట్ బంతి, ఫుట్‌బాల్ ఆకారాలలో మనిషి కూర్చుని నడపగల కార్లను నిర్మించారు. నిత్యం చూసే వస్తువును విపరీతంగా పెంచి చూపడం పాప్ ఆర్ట్ పద్ధతి. 1977లో క్లాస్ ఓల్డెన్‌బర్గ్ జర్మనీలోని మ్యూన్‌స్టర్ నగరంలో, సరస్సు ఒడ్డున, 3.5 మీటర్ల వ్యాసంగల మూడు కాంక్రీటు బిలియర్డు బంతులను నెలకొల్పారు. ఆగ్రహించిన కొందరు ఒకదానిని నీటిలోకి దొర్లింపబోయారు. వారి వల్ల కాలేదు. అవి నేటికీ అక్కడే ఉన్నాయి. కదలని ఆ బంతులను శిల్పాలుగా గౌరవించే లోకం, కదిలే మన బంతులను వింతలని సరిపెట్టుకోవడం న్యాయంగా తోచదు. సుధాకర్‌కు గిన్నిస్ గుర్తింపు సైతం బంతుల వల్ల రాలేదు. 2005లో తొక్కిన 41 అడుగుల పైబడిన మూడు చక్రాల సైకిలు వల్ల వచ్చింది.