ఉత్తరాల మీద నడిచిన కాపురం

భర్త ఒక ఊళ్లో, భార్య ఒక ఊళ్లో. ఇలాంటి కాపురాలు మనకు కొత్త కాదు. పనుల కోసం వలసపోయిన వాళ్లు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. నూట ఇరవై ఏళ్ల కిందట రష్యా దేశంలో ఒక జంట ఇలాగే బతికింది. వాళ్ల సంగతి తెలుసుకుందాం.

ఆయన పేరు అంటోన్ చెహోవ్. 1860లో పుట్టాడు. చదివింది డాక్టరీ. కథలు, నాటకాలు రాసి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఆమె పేరు ఓల్గా క్నిప్పర్. మాస్కో నగరంలో నాటకాల్లో వేషాలు వేసేది. 1898లో చెహోవ్ రాసిన నాటకాన్ని ఓల్గా వాళ్ల సమాజం ఆడింది. ఆ రిహార్సల్స్ దగ్గరే ఇద్దరికీ పరిచయం అయింది.

చెహోవ్‌కు క్షయ జబ్బు ఉండేది. దాన్నే టి.బి. అంటాం. ఆ రోజుల్లో దానికి మందు లేదు. మాస్కోలో చలి ఎక్కువ. వెచ్చని చోట ఉండమన్నారు డాక్టర్లు. అందుకని ఆయన సముద్రం ఒడ్డున యాల్టా అనే ఊళ్లో ఇల్లు కట్టుకున్నాడు. ఓల్గా పనేమో మాస్కోలో. మధ్య దూరం వెయ్యి కిలోమీటర్ల పైమాటే.

1901లో పెళ్లి చేసుకున్నారు. అయినా దూరం తగ్గలేదు. చలికాలంలోనే నాటకాలు జోరుగా ఆడేవారు. అప్పుడు ఆమె మాస్కోలో, ఆయన యాల్టాలో. ఇద్దరినీ కలిపింది ఉత్తరాలే. ఆయన ఆమెకు రాసినవే 400కు పైగా ఉన్నాయి.

ఏం రాసుకున్నారు? ఆమె నాటకం ముచ్చట్లు రాసేది. ఆయన ఆమెను 'కుక్కపిల్లా' అని ముద్దుగా పిలిచేవాడు. అలకలూ ఉండేవి.

ఓల్గాకు ఒక బాధ ఉండేది. జబ్బు మనిషిని వదిలి ఇక్కడున్నానే అని. ఆ మాట దాచకుండా రాసింది. 1903లో ఆయన జవాబు రాశాడు. నటిని చేసుకుంటున్నానని తెలిసే చేసుకున్నాను, చలికాలం నువ్వు మాస్కోలో ఉంటావనీ తెలుసు, నాకు అన్యాయం జరిగిందని అనుకోవడం లేదు అని. ఆమె పనిని ఆయన తప్పు పట్టలేదు.

1904 జనవరిలో చెహోవ్ చివరి నాటకం ఆడారు. అందులో ముఖ్య వేషం ఓల్గాదే. ఆ జులైలో జర్మనీలో ఆయన కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు 44 ఏళ్లు. ఓల్గా పక్కనే ఉంది. ఆయన పోయాక కూడా కొన్నాళ్లు ఆయనకే ఉత్తరాలు రాసుకుంది. తర్వాత చాలా ఏళ్లు నాటకాలు వేసింది. 1959లో చనిపోయింది.

ఇప్పుడు క్షయకు మందులున్నాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు.

అక్కలారా, ఒకరిచేత రాయించే ఉత్తరంలో 'ఇక్కడ అందరం క్షేమం' అని చెప్పగలం. మనసులో బాధ చెప్పలేం. రాసేవాళ్లు వింటారు కదా! మన చేత్తో మనం రాసుకుంటే ఆ బెరుకు ఉండదు.

ఓల్గా పని మానుకుని యాల్టా వెళ్లిపోవలసిందా? మీరేమంటారు? నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి. మీ మాట నాలుగు వాక్యాల్లో రాయండి.