రేవులో తనిఖీ

నడిసముద్రంలో ఓడ తన జెండా ఏ దేశానిదో ఆ దేశపు చట్టానికే లోబడి ఉంటుంది. అయితే యజమానిది ఒక దేశం, జెండా మరొక దేశానిది కావడం పరిపాటి. 1978లో లైబీరియా జెండాతో పయనిస్తున్న ‘అమోకో కాడిజ్’ ఫ్రాన్సు తీరాన బద్దలై, 2 లక్షల టన్నులకు పైగా ముడిచమురు కడలిపాలైంది. అనంతరం 1982లో ఐరోపా దేశాలు పారిస్ ఒప్పందం కుదుర్చుకొని, తమ రేవులకు వచ్చే విదేశీ ఓడలను కలసికట్టుగా తనిఖీ చేయనారంభించాయి. హిందూమహాసముద్ర తీరదేశాల ఒప్పందం 1999లో అమలులోకి వచ్చింది. భారతదేశం అందులో భాగస్వామి.

తనిఖీ అధికారి మొదట ధ్రువపత్రాలను పరిశీలిస్తాడు. పత్రాలు సక్రమంగా ఉన్నంత మాత్రాన ఓడ సక్రమంగా ఉన్నట్లు కాదు. సందేహం కలిగితే ప్రాణరక్షక పడవను దింపిస్తాడు, అగ్నిమాపక పంపును నడిపించి చూస్తాడు. చమురు లెక్కల పుస్తకంలోని అంకెలను తొట్లలోని వ్యర్థ చమురుతో సరిపోలుస్తాడు. లెక్క తప్పిన చమురు రహస్యంగా సముద్రంలో కలిసి ఉండవచ్చు! ప్రమాదకరమైన లోపం బయటపడితే, దానిని సరిదిద్దే వరకు ఓడ రేవు దాటరాదు. నిలిచిన ప్రతిదినమూ యజమానికి నష్టమే.