మన రాకపోకలకు తగిన బండి ఏది?

పెట్రోలు ఖర్చు తగ్గింపదలచువారికి ప్లగిన్ హైబ్రిడ్ కారు తగునా యని మనము యోచింతము. ఇందు విద్యుత్తు మోటారు, పెట్రోలు ఇంజను రెండును ఉండును. ఇంటివద్ద ప్లగ్గునకు తగిలించి బ్యాటరీని నింపవచ్చును. ఆ విద్యుత్తు తీరిన పిదప ఇంజను పనిచేయును. పది యూనిట్లు పట్టు బ్యాటరీతో సుమారు 50 కిలోమీటర్లు పోవచ్చును.

మండల కార్యాలయమునకో సంతకో పోయి సాయంకాలమునకు ఇల్లు చేరువారికి దినమంతయు విద్యుత్తుతోనే గడచును. ఎప్పుడైన విశాఖపట్టణము పోవలసినను దారిలో బ్యాటరీ నింపుటకు ఆగనక్కరలేదు. కాని ఇచ్ఛాపురము నుండి శ్రీకాకుళమునకు నూరు కిలోమీటర్లకు పైగా తరచు తిరుగువారికి పెట్రోలే ముఖ్యాధారము. బ్యాటరీ బరువు అదనము. రాత్రి ప్లగ్గు తగిలించు అలవాటు లేనివారికిని ఇదే నష్టము. దగ్గరి ప్రయాణములే చేయువారికి పూర్తి విద్యుత్తు బండియే చాలును.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు ఉద్దానమున విద్యుత్తు స్తంభములు కూలి, పెక్కు గ్రామములు దినముల తరబడి చీకటిలో నుండెను. అట్టివేళ రోగిని ఆసుపత్రికి చేర్చుటకు పెట్రోలు ఇంజను అక్కరకు వచ్చును. అయితే తుపాను హెచ్చరిక వినగానే ట్యాంకు నింపి యుంచవలెను.

మన దేశమున ఇంతవరకు అమ్మిన ఇట్టి కార్లలో అధికభాగము మిక్కిలి ఖరీదైనవి. కావున కొనుటకు ముందు నెల దినములు ప్రతి ప్రయాణపు దూరమును పుస్తకమున వ్రాసికొనవలెను. ఇంటి తీగెలను, ఎర్తును ఎలక్ట్రీషియనుచే పరీక్ష చేయింపవలెను. వ్యవసాయపు విద్యుత్తును దీనికి వాడరాదు. పంచాయతీ సభ్యులు ఈ లెక్కను గ్రామస్థులకు తెలియజెప్పినచో, అప్పుచేసి తగని బండి కొను బాధ వారికి తప్పును.